మంచుకొండ మజిలీలు

కాశీయాత్రకు బయలుదేరిన మణిసిద్ధునకు త్రోవలో తోడుండి పరిచర్య చేయువాడొకడు కావలసివచ్చెను. అందుల కొప్పుకొనిన గోపబాలుడు ఊరకే రాలేదు; మజిలీ మజిలీకి తాను కోరిన కథ చెప్పి తీరవలెనని షరతు పెట్టి మరి కదలెను. మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీమజిలీ కథలు చదువని తెలుగుటిల్లు ఒకప్పుడు అరుదు. ఆ కథలలోని రాకుమారులను, మాయలను మరచినను మేమీ షరతును మరువలేదు. యజమానుడు గురుస్థానమున నున్నవాడే యైనను సేవకుడు తన ప్రతిఫలమును ముందుగనే తేల్చుకొనెను. దూరప్రయాణములను గూర్చి మన భాషలో ఇంతకంటె న్యాయమైన ఒడంబడిక మాకు కానరాదు.

ఈ దినములలో మజిలీల యాత్ర మరల వాడుకలోనికి వచ్చినది. కాశీకి రైళ్లును విమానములును ఉన్నవి గనుక ఈ క్రొత్త యాత్ర కొండలమీదికి మరలినది. పగలెల్ల నడచుట, ప్రొద్దు వాలకమునుపే కొండమీద కట్టియుంచిన కుటీరమును చేరుట, ఉడుకుడుకు చారు త్రాగి పరుండుట, తెల్లవారి మరల నడచుట. ఇట్లు ఐదాఱు దినములు. ముందు దారి చూపు గైడు, ప్రక్కన మూటలు మోయు కూలీలు. చల్లారిన అగ్నిపర్వతముల మిట్టలమీదుగ హిమానీనదముల దాక ఇట్లు పోయివచ్చుటకు మన హైదరాబాదునుండి సైతము జనులు బయలుదేరుచున్నారు. అందు ఉద్యోగులు కలరు, విద్యార్థులు కలరు, భూములమీద వచ్చు ఆదాయముతో బిడ్డలను పంపు గృహస్థులును కలరు. వేడుక మంచిదే. సముద్రము దాటుట దోషమని వాదించు కాలము గడచిపోయినది, గడచిపోవుట మేలైనది. మా యాక్షేపణ వేఱు. పోయివచ్చినవారు కొండ యెత్తును మీటర్లతోసహా వల్లించెదరు గాని, ఆ కొండ ఎవరిదో, ఆ కుటీరములకా పేర్లెట్లు వచ్చెనో, తమ మూటను నెత్తిన బెట్టుకొని తమకంటె ముందుగ మజిలీ చేరినవాడెవడో అడిగినట్లు కానరాదు.

అగ్నిపర్వతమనగా మనకు పరాయి వస్తువని యనుకొనరాదు. అంబరుపేట నానుకొని పాఱు మూసీనది వికారాబాదు చెంతనున్న అనంతగిరి కొండలలో బుట్టినది. సుమారు 6 కోట్ల 60 లక్షల యేండ్ల క్రిందట భూగర్భమునుండి పొంగి, పొరమీద పొరగా పరచుకొని గడ్డకట్టిన లావా సీమకు ఆ కొండలు అంచున నున్నవి. ఆ నల్లరాతి సీమ నేటికిని దక్కను పీఠభూమిలో సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర ఆక్రమించియున్నది. మూసీ అక్కడ పుట్టి, మన పట్టణము చేరునప్పటికి అంతకంటె ఎన్నో రెట్లు ప్రాచీనమైన గ్రానైటు బండల నడుమ పాఱుచున్నది. ఉప్పలు రోడ్డుమీద 1961లో నెలకొల్పబడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థకు ఈ శిలల లోతుపాతులు పరిశోధించుటయే పని. ఆ సంస్థ గోడవెంబడి నడచిపోవు బాలురలో తమ కాలిక్రింది రాయి వయస్సెంతయో తెలిసినవారెందఱు? నైలు నది జన్మస్థానము మన పాఠ్యపుస్తకములలో గలదు. మూసీ జన్మస్థానమును చూపుటకు బడిపిల్లలను వికారాబాదు తీసికొనిపోవు ఉపాధ్యాయుడు అరుదు. అది యట్లుండనిండు.

మజిలీల యాత్రకు లోకమున ప్రసిద్ధికెక్కిన స్థలము కిలిమంజారో. తూర్పు ఆఫ్రికాలోని టాంజానియా దేశమున, భూమధ్యరేఖకు కొంచెము దక్షిణముగ, షిరా, మావెంజీ, కిబో యను మూడు అగ్నిపర్వతముల కలయికగా నది నిలిచియున్నది. కిబో శిఖరపుటెత్తు 5,895 మీటర్లు. క్రింద అరటితోటలు, కాఫీతోటలు, పైన మంచు. భూమధ్యరేఖకడ మంచున్నదని 1848లో రెబ్‌మాన్ అను మతబోధకుడు వ్రాయగా, లండనులో కూర్చుండిన డెస్బరో కూలీ యను భూగోళ పండితుడు నమ్మనే లేదు. (పేరు మాత్రమే కూలీ, మూట మోసినవాడు కాడు.) ఆ కొండపాదమున తరతరములుగా కాపురమున్న చగ్గా జనులు దినదినమును చూచుచున్న మంచునకు లండను పండితుని సమ్మతి కావలసివచ్చినది!

ఈ కొండకు పెక్కు దారులున్నవి. అందు మరంగు దారియందు గుడారములతో పనిలేదు, కుటీరములే యున్నవి. తొలిదినము దట్టమైన వాన అడవిలో నడచి 2,700 మీటర్ల చేరువనున్న మందారా కుటీరమును చేరుదురు. రెండవదినము చెట్లు కుఱుచలై, పొదలై, తుదకు ఆ కొండ కే చెల్లిన వింత ఆకుల మొక్కలుమాత్రము మిగులును. 3,700 మీటర్లకు పైన హొరొంబో కుటీరము. వివేకము గలవారు ఇచట ఒకదినము అధికముగ నాగి, శరీరమును పలుచని గాలికి అలవాటు చేసికొందురు. పిదప మావెంజీ, కిబోల నడుమ జీనువలె వ్యాపించిన బయలు. అచట నీటిచుక్క లేదు, పచ్చన లేదు; లావా బూడిదయు రాళ్లును మాత్రమే. దానికి తుదను 4,700 మీటర్ల పైని కిబో కుటీరము. అచటినుండి నడిరాత్రి దీపములు పట్టుకొని, అడుగు పెట్టిన జాఱిపోవు గులకరాలలో ప్రాకి, వేకువకు అగ్నిబిలము గట్టుమీది గిల్మన్ స్థానమును చేరి, గట్టువెంబడి మంచుగోడల ప్రక్కగ శిఖరమునకు నడువవలెను. అచట మన యూపిరికందు ప్రాణవాయువు సముద్రతీరమున నందుదానిలో ఇంచుమించు సగమే. తలనొప్పి, వాంతి మొదలైనపుడు పట్టుదలతో పైకి పోయినవారు మెదడువాచియో ఊపిరితిత్తులలో నీరుచేరియో మరణింతురు. "పోలె, పోలె" యని గైడులు స్వాహిలీ భాషలో జపించునట్లు చెప్పుచుందురు. మెల్లగ, మెల్లగ అని యర్థము. క్రిందికి దిగుమని గైడు చెప్పిన దిగవలెను. డబ్బు కట్టితినను వాదము ఊపిరితిత్తులకు తెలియదు.

ఇక పేర్ల సంగతి. 1889 అక్టోబరు 6వ తేదీన హాన్స్ మేయరు అను జర్మను, పుర్ట్‌షెల్లరు అను ఆస్ట్రియా పర్వతారోహకునితో శిఖరము నెక్కి, దానికి కైజరు విల్‌హెల్ము పేరు పెట్టెను. శిఖరపు రాయి నొకదానిని తీసికొనిపోయి కైజరుకు కానుక యిచ్చెను. అది పోట్స్‌డామ్ రాజభవనములో పొదుగబడినది. కొండ చగ్గావారిది, పేరు కైజరుది, రాయి రాజభవనపు గోడది. తరువాత కట్టిన కుటీరములకును అదే గతి. మొదటిది బిస్మార్కు కుటీరము. రెండవదానికి కారల్ పీటర్సు పేరు. ఈ పీటర్సు ఎవరు? కిలిమంజారో ప్రాంతమున అధికారము వెలిగించిన రోజులలో, 1891-92 సంవత్సరములయందు, తన సేవకునొకనిని, ఒక ఆఫ్రికా యువతిని ఉరితీయించినవాడు. జర్మనీలోనే గగ్గోలు పుట్టి 1897లో కొలువునుండి తొలగింపబడెను. అట్టివాని పేరు చెప్పుకొని బాటసారులు అలసట తీర్చుకొనిరి!

1961 డిసెంబరు 9వ తేదీన టాంగన్యికా స్వతంత్రమయ్యెను. ఆ రాత్రి సైనికోద్యోగియైన అలెగ్జాండరు న్యిరెండా కిబో శిఖరముమీద దివిటీ వెలిగించి జెండా నాటెను. కైజరు శిఖరము ఉహురు శిఖరమైనది. ఉహురు అనగా స్వాతంత్ర్యము. బిస్మార్కు కుటీరము మందారా అయినది, పీటర్సు కుటీరము హొరొంబో అయినది. ఇరువురును చగ్గా నాయకులే. ఈ మందారా కుమారుడు మేలి జర్మనులనెదిరించి పోరాడి 1900 మార్చిలో ఉరికంబమెక్కెను. ఆయన శిరస్సును ఛేదించి జర్మనీకి తరలించిరని వంశీయుల విశ్వాసము. మందారా కుటీరమున తొలిరాత్రి నిద్రించు మన హైదరాబాదు యువకుడు, తలక్రింద దిండు సవరించుకొనుచు ఈ మాట నొకసారి తలచుకొనిన నష్టము లేదు.

ఇచట మాకొక సంగతి స్ఫురించుచున్నది. లోకములోకెల్ల నున్నతమైన శిఖరమునకు నేటికిని ఒక ఆంగ్లేయ సర్వేయరు పేరే చెల్లుచున్నది. ఎవరెస్టు 1818లో లాంబ్టనునకు సహాయకుడుగా మన హైదరాబాదునకే వచ్చి చేరినవాడు. పనిమంతుడే, కాదనము. కాని ఆ శిఖరమును ఆయన కొలువలేదు; 1852లో లెక్క తేల్చినవాడు వంగదేశీయుడైన రాధానాథ సిక్‌దారు. నేపాళమువారు సాగరమాత యనుచున్నారు, టిబెట్టువారు చోమోలుంగ్మా యనుచున్నారు. మన పత్రికలు మాత్రము ఎవరెస్టు అనుటకే అలవాటుపడినవి. మేమును ఈ వ్యాసములోనే మరల అట్లు అనవలసివచ్చును. చదువరులకు తెలియవలెను గదా.

మేయరుతో నడచిన ఆఫ్రికావారి పేర్లు చాలకాలము ఎవరును పట్టించుకొనలేదు. యోహని కిన్యాల లౌవో అను చగ్గా వృద్ధుడు, బాల్యమున తాను మేయరుకు దారి చూపిన వారిలో నొకడనని చెప్పగా, 1989లో నూరేండ్ల ఉత్సవమున ఆయనను గౌరవించిరి. నూరేండ్లు! శిఖరమునకు పేరు పెట్టినవానికి నూఱు పుస్తకములలో పుటలు దొరకినవి. దారి చూపినవాడు ఒక శతాబ్దము కాచుకొనవలసివచ్చెను.

ఇది ఆఫ్రికాకే చెల్లిన కథ యని మనము తృప్తిపడుటకు వీలులేదు. మన కుమావూనునందు పిండారీ హిమానీనదమునకు పోవు దారి చూడుడు. లోహార్‌ఖేత్, ధాకురీ, ఖాతీ, ద్వాలీ, ఫుర్కియా యని వరుసగా మజిలీ బంగళాలున్నవి. ఆ బంగళాలలో దొరలు విశ్రమించిన కాలమున వారి మూటలను మోసినవారికి కూలి యెంత? పెక్కుమార్లు సున్న. ప్రతి గ్రామ పెద్దకడను రిజిస్టరు ఉండెడిది. వంతు వచ్చినవాడు పొలములో అరక నాపి, ఇంట చావైనను పెండ్లియైనను విడిచి, అధికారి సామాను మోయవలసినదే. దీనిని కూలీ బేగారు అనిరి. పిండారీకి ఎగువనున్న కనుమకు 1830లో దానిని దాటిన కమిషనరు ట్రెయిలు పేరు పడినది. ముందు నడచి దారి చూపినవాడు సూపీ గ్రామస్థుడైన మలక్ సింగని కొండవారు చెప్పుదురు.

1921 జనవరి. మకర సంక్రాంతి. సరయూ గోమతీ సంగమమున బాగేశ్వరము జాతరకు వేలకొలది కొండజనులు చేరిరి. బదరీదత్త పాండే మొదలగు నాయకుల యెదుట, ఇకమీదట బేగారు చేయమని ప్రమాణముచేసి, గ్రామపెద్దలు తెచ్చిన కూలీ రిజిస్టర్లను సరయూనదిలో విసరివైచిరి. ఒక్క దెబ్బ తగులలేదు, ఒక్క గుండు పేలలేదు. అధికారి యెదుటనే కాగితములు నీట కొట్టుకొనిపోయినవి. తరువాత ప్రభుత్వము ఆ పద్ధతిని విడిచిపెట్టక తప్పలేదు. మహాత్ముడు 1929లో ఆ బాగేశ్వరమునకు స్వయముగ వెళ్లెను. మన జాతీయోద్యమ చరిత్రలో చౌరీచౌరా పేరు బాలురకు సైతము తెలియును. బాగేశ్వరము పేరు తెలిసిన పెద్దలు కొలదిమంది. కాగితము మునిగిన చోట నెత్తురు పాఱలేదు గనుక నేమో!

మన తెలంగాణము మాత్రము తక్కువ తిన్నదా? దౌరాకు వచ్చిన గిర్దావరు సామానును ఒక ఊరి పొలిమేరనుండి మరియొక ఊరి పొలిమేరదాక నెత్తిన మోసిన మాలలు, మాదిగలు, మేనాలెత్తిన బోయీలు, కుండలిచ్చిన కుమ్మరులు, బట్టలుతికిన చాకళ్లు, వీరందఱును వెట్టి యను ఆ రెండక్షరముల క్రింద నలిగినవారే. 1921లోనే హైదరాబాదున ఆంధ్రజనసంఘము వెలసినది. మాడపాటి హనుమంతరావుగారు వెట్టిచాకిరిని గూర్చి చిన్న పొత్తము వ్రాసి, చట్టములలో నేమున్నదో సామాన్యునకు తెలియజెప్పిరి. మా పాఠకులలో భూవసతి గలవారు పలువురు. తమ తాతలనాటి దస్తరములు ఇంట మిగిలియున్న యెడల, అందు వెట్టి పేర్లు కనబడును. దాచుకొనవలసిన పని లేదు. అవి చదివినవారికి కిలిమంజారో మోతగానిని చూచునపుడు కన్ను వేఱుగా తెఱచుకొనును.

నేడచ్చట బేగారు లేదు, నిజమే. ఒక్కొక్క యాత్రికుని వెంబడి ఇద్దఱో ముగ్గురో, అంతకు మించియో మోతగాండ్రు నడచుచుందురు. ఒకనిమీద 20 కిలోలకు మించి వేయరాదను నియమము గలదు. ద్వారమువద్ద త్రాసును గలదు. అయినను కూలి చాలక, ఈనాములమీదనే బ్రతుకు నెట్టువారు పలువురు. చాలిన దుస్తులు లేక చలికి ప్రాణములు విడిచిన మోతగాండ్రును కలరు. 2003లో మోతగాండ్ర మేలుకై మోషీ పట్టణమున ఒక సంస్థ యేర్పడి, వెచ్చని కోటులును చెప్పులును బాడుగ లేకయే ఎరువిచ్చుచున్నది. మనకు యాత్ర నమ్ము కంపెనీలు తమ ప్రకటనలలో భోజనమెన్నిసారులు పెట్టుదురో వ్రాయుదురు. మోతగాడెన్నిసారులు తినునో వ్రాయరు. ధర తగ్గించితిమని ఒక కంపెనీ చెప్పినచో ఆ తగ్గింపు ఎవని గంజిలోనుండి వచ్చినదో కొనువాడే అడుగవలెను. ఆయా మాటలు వ్రాతమూలకముగ తీసికొనుట గోపబాలుని షరతువంటిదే.

తెలుగువారు ఈ కొండలలో పేరు తెచ్చుకొనుట మాకు గర్వకారణము. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు గిరిజన బాలిక మాలావత్ పూర్ణ, సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలో చదువుచు, 2014 మే 25వ తేదీన పదునాలుగేండ్లు నిండకమునుపే ఎవరెస్టు నెక్కినది. ఖమ్మము జిల్లా దళిత బాలుడు ఆనందకుమారు ఆమెతోడనే శిఖరము చేరెను. పూర్ణ 2016లో కిలిమంజారో శిఖరమును, 2022 నాటికి ఏడు ఖండముల ఉన్నత శిఖరములను ముగించినది. ఒకప్పుడు ఎవరి బిడ్డలను మూటలు మోయుటకే పుట్టిరని ఊరు నిర్ణయించెనో, వారి బిడ్డ ఉహురు శిఖరముమీద నిలిచినది. ఆ బిడ్డలకు తొలిపాఠములు నేర్పిన స్థలమేది? ఆల్ప్సు కాదు. మన ఉప్పలు దాటి ఘట్కేసరు, బీబీనగరముల మీదుగ పోవు వరంగల్లు రోడ్డుమీది భువనగిరి. చాళుక్య త్రిభువనమల్లుడు కోట గట్టిన ఆ ఒంటిరాతి గుట్టమీదనే వారు త్రాడు పట్టుట నేర్చిరి.

నెల్లూరు జిల్లా గాంధీజనసంఘము గ్రామమున బుట్టిన మల్లి మస్తాన్‌బాబును ఇచట స్మరింపక తప్పదు. 2006లో 172 దినములలో ఏడు ఖండముల శిఖరముల నెక్కిన సాహసి. 2015 మార్చి తుదిదినములలో అర్జెంటీనా, చిలీ సరిహద్దునందలి సెర్రో త్రెస్ క్రూసెస్ అను అగ్నిపర్వత శ్రేణిమీద ఒంటరిగ వెళ్లి, తుపానులో చిక్కి తిరిగి రాలేదు. ఏప్రిలు మొదటి వారమున దేహము దొరకినది. అంతటి యనుభవశాలి ఏకాంతయాత్రను విమర్శించుట మా యుద్దేశము కాదు; అది వేఱొక వ్రతము. కాని ఆయన కథ విని, గైడు దండుగయని తలచు కుఱ్ఱవాడు మన వీధులలో నున్నచో, వాని తలిదండ్రులు వానిని ముందుగ భువనగిరి గుట్టకు పంపవలెను.

తొందరపడవలసిన దొక్కటియే కలదు. 1912లో కిలిమంజారోమీద 11 చదరపు కిలోమీటర్లకు పైబడి మంచుండెడిది; 2011 నాటికి మిగిలినది 2 చదరపు కిలోమీటర్లకు లోపలనే. ఈ శతాబ్దము నడిమికి ఆఫ్రికా హిమానీనదములు మాసిపోవునని 2022లో యునెస్కో హెచ్చరించినది. లండను పండితుడు లేదన్న మంచు నిజముగనే లేకుండ పోవుచున్నది. చగ్గా రైతు పొగగొట్టము పెట్టలేదు, కారు నడుపలేదు. మూసీలోనికి రసాయనములు వదలిన కర్మాగారములను ఎఱిగిన నాచారము, ఉప్పలువారికి ఈ న్యాయము వివరింపనక్కఱ లేదు.

పోదలచినవారికి మా సూచనలు కొలదియే. హొరొంబోలో అధికదినము ఆగునట్టి యేర్పాటునే కొనుడు, ధర పెరిగినను. మోతగాండ్ర కూలి, వారి భోజనము, వారి పడక యెట్టివో ముందుగ ఉత్తరము వ్రాసి అడుగుడు. ఈనామును నాయకుని చేతికిచ్చి చేతులు దులుపుకొనక, అందఱి యెదుట ఒక్కొక్కని చేతిలో పెట్టుడు. వారి పేర్లను మీ దినచర్యలో వ్రాసికొనుడు. మూటను బయలుదేరకమునుపు ఇంటనే తూచి, అవసరము లేనిదానిని అచటనే దింపుడు. మూడు జతల చెప్పులు ఆ కొండకు అక్కఱలేదు.